ఫోర్డ్ పాప్‌లో వీ8 దించాక వచ్చే తగువులు: లక్షణం నుంచి మూలం దాకా

ఇంగ్లండులో హాట్ రాడ్ (పాత బండిలో పెద్ద ఇంజను దించి కట్టుకున్న బండి) అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చే చిన్న బండి ఫోర్డ్ పాపులర్ 103ఈ. అందరూ పిలిచే పేరు పాప్. 1953 నుంచి 1959 దాకా లక్షా యాభై అయిదు వేల పైచిలుకు బళ్లు తయారయ్యాయి. పుట్టుకతో అది సామాన్యుడి బండి. 1172 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజను, 30 హార్స్‌పవర్, మూడు గేర్లు, 6 వోల్టుల కరెంటు, కడ్డీలతో లాగే బ్రేకులు, ఒక్కటంటే ఒక్క వైపరు. హీటరు లేదు. అయినా రాడ్ కట్టేవాళ్లు దీన్నే వెతుక్కుంటూ పోతారు. 1932లో వచ్చిన మోడల్ వై బొమ్మ గీసింది అమెరికాలో, పాప్ ఆ వంశపు బండి. అందుకే నిలువు గ్రిల్లు, విడివిడి మడ్‌గార్డులు చూస్తే అమెరికన్ ఫోర్డు పిల్లలా ఉంటుంది. కింద చాసీ వేరు, పైన బాడీ వేరు. నలుగురు పట్టి బాడీ ఎత్తి పక్కన పెట్టొచ్చు.

నేను కవెంట్రీ దగ్గర ఉంటాను. నా పాప్‌లో 3528 సీసీ రోవర్ వీ8 ఇంజను (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లది), దాని వెనక రోవర్‌దే అయిదు గేర్ల గేర్‌బాక్సు, ఫోర్డ్ క్యాప్రీ కారు నుంచి తీసి వెడల్పు తగ్గించిన వెనక యాక్సిల్ ఉన్నాయి. ముందు మాత్రం పాప్ బీమ్ యాక్సిల్‌నే (రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం) ఉంచుకుని, దానికి వేరే బండి డిస్క్ బ్రేకులు బిగించాను. నాలుగేళ్ల పనిలో, ఆ తరవాత రోడ్డు మీద నాకు ఎదురైనవీ, తోటి రాడర్ల షెడ్లలో నేను చేయి వేసినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క మాట మనసులో పెట్టుకుని చదవండి. ఇలాంటి బండిలో విడిగా ఏ భాగమూ చెడ్డది కాదు. ఇంజను దాని సొంత బండిలో లక్ష మైళ్లు తిరిగింది, యాక్సిల్ దాని సొంత బండిలో బాగానే నడిచింది. మనం వాటికి వియ్యం కలిపాం. తగువు వచ్చేది ఆ వియ్యం దగ్గరే, అంటే ఒక బండి భాగం ఇంకో బండి భాగాన్ని అందుకున్న చోట. అందుకని భాగం మార్చే ముందు రెండు భాగాల మధ్య కోణం, ఎత్తు, పొడవు కొలవండి. టేపూ కోణమట్టమూ చేసే పనిని కొత్త సామాను చేయలేదు.

35-40 మైళ్ల వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ రెండు పక్కలకీ కొట్టుకుంటుంది

దీన్ని చూసి భయపడనివాళ్లు లేరు. ముందు చక్రాలు రెండూ గంగిరెద్దు తలలా అటూ ఇటూ ఊగుతాయి. వేగం బాగా తగ్గితే తప్ప ఆగవు. చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ కొని బిగిస్తారు. డ్యాంపర్ ఊపుని కప్పిపుచ్చుతుంది, మూలం అలాగే ఉంటుంది. ఈ వరసలో చూడండి.

ముందు టైరు గాలి, చక్రం బ్యాలెన్సు. ఇది పది నిమిషాల పని. తరవాత జాకీ ఎత్తి చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. టకటకమని ఆడుతుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగు వదులు. తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్ను (ముందు చక్రం కుడి ఎడమలకి తిరిగే ఇరుసు), బుష్షులు అరిగిపోయాయి. అరవై డెబ్బై ఏళ్ల యాక్సిల్‌లో పిన్ను కొత్తదైనా, పిన్ను దిగే రంధ్రం యాక్సిల్‌లోనే అరిగి ఉండొచ్చు. పిన్ను చేతి నొక్కుడుకే జారిపోతుంటే దాన్ని బిగించే కాటర్ ఎంత కొత్తదైనా ఉపయోగం లేదు. ఆ యాక్సిల్‌ని పక్కన పెట్టాలి.

ఇవన్నీ బాగుంటే కాస్టర్ కోణం చూడాలి. కింగ్ పిన్ను పైకొన వెనక్కి ఎంత వాలిందో అదే కాస్టర్. బీమ్ యాక్సిల్ రాడ్‌కి 5 నుంచి 7 డిగ్రీలు ఉంటే చక్రం తనంతట తాను నిటారుకి వస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రాడ్ అంటే వెనక లావు టైర్లు, ముందు వంగిన ముక్కు కదా. పాప్ చక్రాల మధ్య దూరం 90 అంగుళాలు. వెనక టైర్ల వల్ల బండి 3 అంగుళాలు లేచిందంటే చాసీ మొత్తం దాదాపు 2 డిగ్రీలు ముందుకి వంగినట్టు. ఆ 2 డిగ్రీలూ కాస్టర్‌లోంచే పోతాయి. షెడ్డులో స్టాండ్ల మీద సరిగ్గా 5 పెట్టి వెల్డింగ్ చేసినవాడికి రోడ్డు మీద మిగిలేది 3. కాబట్టి చివరికి వేయబోయే టైర్లు వేసి, పెట్రోలు పోసి, బండి నేల మీద నిలబడ్డాకే కాస్టర్ కొలవండి. అలాగని 9, 10 దాకా పోవద్దు. కాస్టర్ మితిమీరినా ఇదే వణుకు వస్తుంది, పైగా స్టీరింగ్ రాయిలా బరువెక్కుతుంది.

రెండు పక్కలా కాస్టర్ ఒకటే ఉండాలన్నది మర్చిపోవద్దు. ముందు విష్‌బోన్‌ని (యాక్సిల్‌ని చాసీకి పట్టి ఉంచే వీ ఆకారపు కడ్డీ) రెండుగా చీల్చి చాసీ పక్కలకి బిగించే పద్ధతిలో ఒక కాలు ఒక మర ఎక్కువ తిరిగినా యాక్సిల్ మెలిపడుతుంది. టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం, చివర్లో చూసుకోండి. 1.5 నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే చాలు. టైరు మీద సుద్దతో గీత గీసి, ముందు ఒకసారి, చక్రం సగం తిప్పి వెనక ఒకసారి కొలిస్తే ఇంట్లోనే తెలిసిపోతుంది.

స్టీరింగ్ కదపకపోయినా గతుకు మీద బండి పక్కకి దూకుతుంది

పైదానికీ దీనికీ తేడా ఉంది. అక్కడ ఊపు ఆగకుండా సాగుతుంది. ఇక్కడ ఒక్క గతుకుకి ఒక్క లాగుడు, అంతే. దీన్ని బంప్ స్టీర్ అంటారు.

ముందుగా ఒక చిన్న పరీక్ష. బండి నిలబెట్టి, కిందకి వంగి ముందు యాక్సిల్‌ని చూస్తూ, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. చక్రం తిరగడానికి ముందే బాడీ ఓ పక్కకి జరిగి, ఆ తరవాత చక్రం తిరుగుతోందా? అలాగైతే మీ బండికి పాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిల్ పక్కకి జరగకుండా చాసీకి అడ్డంగా పట్టే కడ్డీ) లేదు, లేదా దాని బుష్షులు పోయాయి. పాప్ ముందు కమాను పట్టీ అడ్డంగా ఉంటుంది, దాని చివర్లు షాకిల్స్‌కి, అంటే ఊగే చిన్న లంకెలకి, వేలాడుతుంటాయి. ఊయల ఊగినట్టు బాడీ ఆ షాకిల్స్ మీద పక్కలకి జరుగుతుంది. పాత స్టీరింగ్‌తో, 30 హార్స్‌పవర్‌తో అది పెద్దగా తెలిసేది కాదు. అడ్డంగా తోసే స్టీరింగ్ పెట్టాక తెలుస్తుంది, ఎందుకంటే మీ తోపులో సగం చక్రానికి పోకుండా బాడీని పక్కకి జరపడానికే ఖర్చవుతుంది.

పాన్‌హార్డ్ రాడ్డు ఉన్నా లాగుతోందంటే దాన్ని తప్పు చోట బిగించారు. ఇంగ్లండులో స్టీరింగ్ బాక్సు కుడి పక్కన. అక్కణ్నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే డ్రాగ్ లింకు, అడ్డంగా ఎడమ చక్రానికి పోతుంది. చక్రం పైకీ కిందకీ కదిలేటప్పుడు డ్రాగ్ లింకు చివర ఒక వంపులో తిరుగుతుంది, యాక్సిల్ పాన్‌హార్డ్ రాడ్డు వంపులో తిరుగుతుంది. రెండు వంపులూ ఒకటైతే చక్రం దిశ మారదు. వేరైతే ప్రతి గతుకూ స్టీరింగ్ తిప్పినట్టే. కాబట్టి పాన్‌హార్డ్ రాడ్డు చాసీ కొన స్టీరింగ్ బాక్సు ఉన్న పక్కనే, యాక్సిల్ కొన అవతలి పక్కన ఉండాలి. పొడవు డ్రాగ్ లింకుతో సమానంగా, ముందు నుంచి చూస్తే రెండూ సమాంతరంగా ఉండాలి. నేను చూసిన ఒక పాప్‌లో రాడ్డు పొడవు డ్రాగ్ లింకులో సగమే, పైగా కొనలు తారుమారు. ఆ బండాయన రెండేళ్లలో రెండు స్టీరింగ్ బాక్సులు మార్చాడు. బ్రాకెట్టు కోసి అవతలి పక్కకి మార్చడానికి మాకు పట్టింది ఒక శనివారం.

బిగించాక స్టీరింగ్ కదలకుండా కట్టేసి, బాడీని జాకీతో రెండు అంగుళాలు ఎత్తి దించుతూ చక్రం దిశ మారుతోందా చూడండి. చక్రానికి ఒక పొడవాటి చెక్కబద్ద కట్టి దాని కొన నేల మీద గీత గీసేలా పెడితే కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

బ్రేకు మొదటి తొక్కుడుకి లోపలికి పోతుంది, రెండో తొక్కుడుకి పట్టుకుంటుంది

పాప్‌లో బ్రేకు ఆయిలే లేదు కాబట్టి మాస్టర్ సిలిండర్‌కి చోటూ లేదు. అందరమూ డ్రైవరు కాళ్ల కింద, చాసీ పక్కన బిగిస్తాం. అప్పుడు మాస్టర్ సిలిండర్ చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ కంటే కిందకి ఉంటుంది. ఆయిల్ పల్లానికి పారుతుంది కదా! బండి ఆగి ఉన్నప్పుడు క్యాలిపర్ నుంచి వెనక్కి జారి ప్యాడ్లని డిస్కు నుంచి దూరం జరుపుతుంది. మొదటి తొక్కుడు ఆ ఖాళీ నింపడానికే సరిపోతుంది.

దీనికి గొట్టంలో రెసిడ్యువల్ వాల్వు వేయాలి, అది గొట్టంలో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డిస్కులకి 2 పీఎస్ఐది, డ్రమ్ములకి 10ది. రెండూ తారుమారు చేయొద్దు. 10ది డిస్కు గొట్టంలో పెడితే ప్యాడ్లు డిస్కుని పట్టుకునే ఉంటాయి, పది మైళ్లకి చక్రం పొగలు కక్కుతుంది.

వాల్వు వేశాకా పెడల్ స్పాంజిలా ఉంటే గాలి తీసే నిపిల్ ఎక్కడుందో చూడండి. వేరే బండి క్యాలిపర్లని మన యాక్సిల్‌కి బిగించేటప్పుడు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేసే పొరపాటు చాలా మామూలు. అప్పుడు నిపిల్ కిందకి వస్తుంది. గాలేమో పైన చేరుతుంది. లీటర్ల కొద్దీ ఆయిల్ పోసి తీసినా ఆ బుడగ కదలదు. నిపిల్ ఎప్పుడూ క్యాలిపర్‌కి నెత్తి మీద ఉండాలి.

ఇంకో లక్షణం కూడా ఇక్కడే చెబుతాను. బయల్దేరినప్పుడు బాగుండి, కొంత దూరం పోయాక బ్రేకులు వాటంతట అవే పట్టేస్తుంటే, పుష్‌రాడ్‌కి (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని తోసే కడ్డీ) ఆట లేదని అర్థం. పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ డబ్బాలోకి తిరిగిపోయే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. వేడికి ఆయిల్ వ్యాకోచించి ప్యాడ్లని నొక్కుతుంది. పుష్‌రాడ్డుకీ పిస్టన్‌కీ మధ్య కాగితం మందమైనా ఖాళీ ఉండాలి. సర్వో (తొక్కుడికి బలం చేర్చే సాధనం) లేని బండికి పెడల్ నిష్పత్తి దాదాపు 6కి 1 ఉండేలా చూసుకుంటే కాలికి బలం సరిపోతుంది. వెనక తేలిక కాబట్టి వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరగబోతుంటే, వెనక గొట్టంలో ఒత్తిడి తగ్గించే వాల్వు వేసి, తడి రోడ్డు మీద జాగ్రత్తగా సరిచూసుకోండి.

బండి వేడెక్కుతుంది

"వేడెక్కుతోంది" అని మాత్రమే చెబితే ఎవరూ సాయం చేయలేరు. ఎప్పుడు వేడెక్కుతోంది? ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడా, వేగంగా పోయేటప్పుడా? జవాబు సగం అక్కడే ఉంది.

నిలబడ్డప్పుడు వేడెక్కి, కదలగానే దిగుతుంటే గాలి సమస్య. పాప్ అసలు ఇంజనుకి నీళ్ల పంపు కూడా లేదు, వేడి నీళ్లు పైకీ చల్లనివి కిందకీ తమంతట తాము తిరిగేవి. ఆ ఇరుకు ముక్కులో వీ8 దించాక రేడియేటరుకీ ఇంజనుకీ మధ్య చెయ్యి పట్టదు. దాంతో ఫ్యాను తీసుకెళ్లి గ్రిల్లు ముందు పెడతారు. వెనక నుంచి లాగే ఫ్యాను ఎప్పుడూ మేలు, చోటుంటే అదే పెట్టండి. అంతకంటే ముఖ్యం, ఫ్యాను చుట్టూ రేడియేటరు మొత్తాన్నీ కప్పే రేకు తొడుగు. అది లేకపోతే ఫ్యాను తన ముందున్న గుండ్రటి ముక్కలోంచి మాత్రమే గాలి లాగుతుంది, మూలలన్నీ వృథా.

వేగంగా పోయేటప్పుడు వేడెక్కుతుంటే మూడు చోట్ల చూడండి. ఒకటి, కింది హోసు. పంపు లాగుడికి మెత్తటి హోసు చప్పగా నొక్కుకుపోతుంది. లోపల స్ప్రింగు ఉన్న హోసు వేయాలి. బండి ఆపి బానెట్ తీసేసరికి అది మళ్లీ ఉబ్బి మామూలుగా కనిపిస్తుంది కాబట్టి, ఇంజను ఆన్‌లో ఉంచి ఒకరు రేజ్ చేస్తుండగా ఇంకొకరు చూడాలి. రెండు, ఇగ్నిషన్ టైమింగ్. వెనకబడ్డ టైమింగుతో మంట ఎగ్జాస్టు దాకా సాగి సిలిండర్ హెడ్డుని వేడెక్కిస్తుంది. మూడు, వేడి గాలి బయటకి పోయే దారి. లోపలికి వచ్చే గాలి గురించి అందరూ ఆలోచిస్తారు, బయటకి పోయే దారి ఎవరూ వదలరు. బానెట్ పక్క రేకులు మూసేసి, కింద నున్నగా పలకలు బిగించిన పాప్‌లో గాలి లోపలే పేరుకుపోతుంది. ముందు పక్క రేకులు తీసేసి పది మైళ్లు తిప్పండి. ముల్లు దిగితే జవాబు దొరికినట్టే.

ఎప్పుడో ఒకప్పుడు ఉన్నట్టుండి ముల్లు పైకి ఎగిరి మళ్లీ దిగుతుంటే లోపల గాలి చిక్కుకుంది. పాప్ రేడియేటరు మూత వీ8 పైభాగం కంటే కిందకి ఉండిపోతే గాలి చేరేది ఇంజనులోనే. బల్క్‌హెడ్ (ఇంజనుకీ సీట్లకీ మధ్య గోడ) మీద, అన్నిటికంటే ఎత్తులో విడి హెడర్ ట్యాంకు (నీళ్లు పోసే చిన్న డబ్బా) పెట్టండి. రోవర్ వీ8 మొత్తం అల్యూమినియం కాబట్టి ఒట్టి నీళ్లు పోయడం పాపం. తుప్పు నిరోధకం ఉన్న యాంటీఫ్రీజు సగం, నీళ్లు సగం కలపండి. ఇది చలికి మాత్రమే కాదు, వేసవిలోనూ అవసరమే.

ఫలానా వేగంలో నేల అంతా గుమ్మని అదురుతుంది

ఆ వేగంలో క్లచ్చు తొక్కి ఇంజనుని ఐడిల్‌కి వదలండి. అదురు పోతే ఇంజను వైపు చూడాలి. పోకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు లేదా చక్రాలు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వచ్చి, వదిలితే పోతుంటే షాఫ్టు కోణం.

పాప్‌కి పుట్టుకతో షాఫ్టు ఒక గొట్టంలో దాక్కుని ఉండేది. అది తీసేసి బయటి షాఫ్టు పెట్టాక, గేర్‌బాక్సు చివరా, వెనక యాక్సిల్ పినియనూ (షాఫ్టు తగిలే చిన్న గేరు) ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రెండు క్రాస్ జాయింట్ల కోణాలూ సమానం, ఒక్కొక్కటి 1 నుంచి 3 డిగ్రీలు. సున్నా మంచిదనుకోవద్దు, అసలు కదలకపోతే జాయింటు సూది బేరింగులు ఒకే చోట గుంటపడతాయి. 90 అంగుళాల బండిలో పొడుగాటి గేర్‌బాక్సు పెట్టాక షాఫ్టుకి మిగిలేది మూరెడు. షాఫ్టు ఎంత పొట్టిదైతే గతుకుకి దాని కోణం అంత ఎక్కువ మారుతుంది. కాబట్టి కొలిచేటప్పుడు మీరూ పక్కవారూ సీట్లలో కూర్చున్నంత బరువు బండిలో వేసి కొలవండి. రెండు కొనల యోకులు (క్రాస్ జాయింటుని పట్టే చీలిక చేతులు) ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకోండి. జారే ముక్క మరలో ఒక్క పల్లు తప్పినా అదురు వస్తుంది.

వీ8కి ఆయిల్ ప్రెషరు లేదు, లేదా బరువు మీద మిస్సింగ్

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న రోవర్ వీ8ని ఎక్కించి సెల్ఫ్ కొడితే ఆయిల్ ముల్లు కదలకపోవడం మామూలే. ఆయిల్ పంపు ముందు కవరులో ఉంటుంది. అది ఎండిపోతే తనంతట తాను ఆయిల్ లాగలేదు. సెల్ఫ్ కొడుతూ పోవద్దు, బేరింగులు అరిగిపోతాయి. పంపు మూత విప్పి పళ్ల మధ్య వాసెలిన్ కుక్కి మూసేయండి. డిస్ట్రిబ్యూటరు పైకి తీసి, ఆ రంధ్రంలోంచి పంపుని డ్రిల్లుతో గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పండి. కాసేపటికి డ్రిల్లు చేతిలో ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆ బరువే ఆయిల్ ఎక్కిందనడానికి సాక్ష్యం.

నడిచే బండిలో వేడెక్కాక ఐడిల్‌లో 10-15 పీఎస్ఐ కనిపిస్తే కంగారుపడొద్దు. ఈ ఇంజను తక్కువ ప్రెషరుతో ఎక్కువ ఆయిల్ తిప్పే రకం. వేడి మీద 2400 ఆర్‌పీఎం దగ్గర 30 నుంచి 40 ఉంటే ఆరోగ్యమే.

మిస్సింగ్ సంగతి. దీని ఫైరింగ్ ఆర్డరు 1-8-4-3-6-5-7-2. ఇందులో 5, 7 పక్కపక్క సిలిండర్లు, పైగా వెంటవెంటనే పేలతాయి. ప్లగ్గు వైర్లు అందంగా కనపడాలని రెండిటినీ కలిపి కట్టేస్తే ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి దూకి, తన వంతు రాకముందే నిప్పు పడుతుంది. ఎక్కుడు రోడ్డు మీద గట్టిగా తొక్కితే దడదడమంటుంది. ఆ రెండు వైర్లని దూరం చేయండి, అవసరమైతే ఒకదాన్నొకటి అడ్డంగా దాటించండి కానీ సమాంతరంగా పోనివ్వొద్దు. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే ఎక్కడ దూకుతోందో నీలంగా కనిపిస్తుంది.

చోక్ కేబుల్ వేడెక్కుతుంది

నాకు ఇలాగే జరిగింది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ మార్చాను. మళ్లీ కొట్టాను. డ్యాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన. చోక్ కేబుల్ తొడుగు మెత్తబడి వేళ్లకి అంటుకుంది. కేబులుకీ కరెంటుకీ ఏం సంబంధం అనుకున్నాను. సంబంధం ఉంది. ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుంది, చాసీకీ ఇంజనుకీ మధ్య ఎర్త్ పట్టీ వేయడం మర్చిపోయాను. సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లు వెనక్కి రావడానికి వేరే దారి లేక ఆ సన్నటి కేబుల్ గుండా పోయాయి. బ్యాటరీ నుంచి చాసీకి ఒకటి, చాసీ నుంచి ఇంజనుకి ఒకటి, చాసీ నుంచి బాడీకి ఒకటి, మొత్తం మూడు పట్టీలు. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించండి.

కొత్త ఆల్టర్నేటరు ఛార్జి చేయకపోతే డ్యాష్‌లో ఎర్ర బల్బు ఉందా చూడండి. ఆ బల్బు గుండా పోయే చిన్న కరెంటుతోనే ఆల్టర్నేటరు నిద్ర లేస్తుంది. 6 వోల్టుల పాత బల్బులు, హారను, మీటర్లు 12కి మార్చక తప్పదు. ఇంజను వాక్యూమ్‌తో నడిచే పాత వైపరు యాక్సిలరేటర్ తొక్కగానే ఆగిపోతుంది, వానలో లారీని దాటేటప్పుడు అది ప్రాణం మీదకి తెస్తుంది. కరెంటు వైపరు మోటారు వేసేయండి.

జాకీ ఎత్తితే తలుపు పట్టేస్తుంది

చాసీ మెలి తిరుగుతోంది. 30 హార్స్‌పవర్‌కి గీసిన పలుచని చాసీ మీద అయిదింతల బలం పెట్టాం. ముందు ఒక మూల ఎత్తి, రెండు తలుపుల చుట్టూ సందు కొలవండి, తరవాత రెండో మూల. తేడా 2-3 మిల్లీమీటర్లు దాటితే చాసీకి లోపలి పలకలు వేసి పెట్టెలా మూసి, మధ్యలో ఎక్స్ ఆకారపు దూలం పెట్టాలి. వెల్డింగ్ ఏకబిగిన చేయొద్దు. ఇక్కడో అంగుళం, అవతలి పక్క అంగుళం, చల్లారనిచ్చి మళ్లీ. పని మొదట్లోనూ చివర్లోనూ చాసీ కర్ణాలు (మూల నుంచి ఎదురు మూలకి దూరం) రెండూ కొలిచి రాసిపెట్టుకోండి.

కోసే ముందు కాగితాల సంగతి చూసుకోండి. బ్రిటన్‌లో చాలా ఏళ్లు పాయింట్ల లెక్క నడిచింది. చాసీకి 5, సస్పెన్షన్, యాక్సిల్, గేర్‌బాక్సు, స్టీరింగ్‌లకి తలా 2, ఇంజనుకి 1. పాత నంబరు నిలవాలంటే 8 ఉండాలి, చాసీ మార్పు లేకుండా ఉండాలి. 2025లో ఆ నియమాలు మారాయి. కాబట్టి పాత రాడర్లు నోటితో చెప్పే లెక్క నమ్మకుండా బళ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ ఇప్పటి నియమాలే చదవండి. నలభై ఏళ్లు దాటిన బళ్లకి ఎంఓటీ (ఏటేటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) మినహాయింపు ఉంది కానీ, ఇలా పెద్ద మార్పులు చేసిన బండికి వర్తించదు. ఇండియాలో ఉన్న మిత్రులకి ఒక హెచ్చరిక. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. అక్కడ రోడ్డు మీద ఇది కుదరదు.

పావుగంట బాగా నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది

రెండు దారులున్నాయి. ఇంజను బాగా వేడిగా ఉన్నప్పుడే ఆగి, చల్లారితే నడిస్తే, పెట్రోలు గొట్టంలో ఆవిరవుతోంది. వీ8 ఎగ్జాస్టు మానిఫోల్డు పాప్ ముక్కులో నలుమూలలా వేడి నింపుతుంది. గొట్టాన్ని దానికి దూరంగా, చాసీ బయటి పక్కగా తిప్పండి. పంపుని వెనక ట్యాంకు దగ్గర పెడితే అది పెట్రోలుని తోస్తుంది. ముందు పెడితే లాగుతుంది, లాగేటప్పుడు ఆవిరి తొందరగా పుడుతుంది. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు హోసులు లోపల మెత్తబడి పొరలు ఊడి దారి మూసేస్తాయి. బయటకి కొత్తగా కనిపిస్తున్నా నమ్మొద్దు, ఆర్9 రకం హోసు వేయండి.

చలికాలంలోనూ ఇలాగే ఆగిపోతోందంటే అది రెండో దారి. ఆగిన చోటే దిగి, చెవి దగ్గరగా పెట్టి, ట్యాంకు మూత మెల్లగా తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే ట్యాంకుకి ఊపిరి దారి మూసుకుపోయింది. కొత్త ట్యాంకు చేయించినవాళ్లు ఆ గాలి గొట్టానికి నిపిల్ పెట్టించుకుంటారు గానీ, రంగు వేసేటప్పుడు దానికి అంటించిన టేపు తీయడం మర్చిపోతారు. నా బండిలో ఆ టేపు నీలం రంగుది. వేలి గోటితో పీకాను, మూత బిగించాను, సెల్ఫ్ కొట్టగానే అందుకుంది.